పళ్లెంలో ఎంత, ఒంటికి ఎంత

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. మంజీరా మీద నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయి అప్పటికి ఆరేళ్లు. కాలువ నీళ్లకు చెరుకు, చెరుకుకు ఫ్యాక్టరీ తోడై, జొన్నలు పండే సీమ చక్కెర సీమగా మారడం మొదలైంది. అదే ఏడాది నీలగిరుల్లోని కూనూరులో వాలెస్ ఎక్రాయిడ్ అనే పోషకాహార శాస్త్రవేత్త ‘హెల్త్ బులెటిన్ నంబర్ 23’ వెలువరించారు. మన దేశంలో జనం తినే బియ్యం, జొన్న, పప్పు, ఆకుకూరల్లో ఏ పోషకం ఎంత ఉందో పట్టికలు వేసి, వాటితో సరిపడా భోజనం ఎట్లా కూర్చుకోవాలో చెప్పిన పుస్తకం అది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వియెమ్ బృందం నికోటినిక్ ఆమ్లం కుక్కల్లో వచ్చే నల్లనాలుక జబ్బును మాన్పుతుందని తేల్చిందీ ఆ ఏడాదే. మనుషులకొచ్చే పెల్లాగ్రాకు మందు దొరికింది ఆ ప్రయోగం వల్లనే.

ఒకటి చక్కెర మిల్లు, ఒకటి పట్టికల పుస్తకం, ఒకటి జబ్బుకు విరుగుడు. నిజామాబాద్ జిల్లాలో ఒక మనిషి రోజుకు ఏం తినాలి, ఎంత తినాలి అని అడిగితే ఈ మూడు కథలూ ఒకే పళ్లెం దగ్గర కలుసుకుంటాయి. ఆ ప్రశ్నకు జవాబుగా శాస్త్రవేత్తలు ఇచ్చే అంకెల్ని ‘సిఫారసు చేసిన ఆహార పోషకాల మోతాదు’ అంటారు. ఆసుపత్రుల్లో, బడి వంటగదుల్లో, బిస్కట్ ప్యాకెట్ల మీద వాడుకలో ఉన్న పేరు ఆర్‌డీఏ. ఈ అంకెలు ఎట్లా పుట్టాయో తెలిస్తేనే వాటిని ఎట్లా వాడుకోవాలో తెలుస్తుంది.

కూనూరు నుంచి తార్నాకకు

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగం ప్రారంభించారు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ అదే.

భారతీయులకు పోషకాల మోతాదుల్ని మొదటిసారి 1944లో ఖరారు చేశారు. అప్పటి నుంచి కొత్త పరిశోధన వచ్చినప్పుడల్లా వాటిని దిద్దుతూ వస్తున్నారు. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2020 నాటివి.

ఇవి ప్రయోగశాల గోడల మధ్య ఉండిపోయే అంకెలు కావు. 1957లో భారత కార్మిక సదస్సు కనీస వేతనం ఎట్లా లెక్కకట్టాలో తీర్మానించినప్పుడు, ఎక్రాయిడ్ సిఫారసును ఆధారం చేసుకుని పెద్దమనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి ఖర్చును అందులో చేర్చింది. భార్య, భర్త, ఇద్దరు పిల్లలను కలిపి మూడు యూనిట్లుగా లెక్కేసింది. అంటే ఫ్యాక్టరీ కార్మికుడి జీతం లెక్కలో పోషకాహార శాస్త్రం కూర్చుంది. ఈ రోజు ప్రాథమిక పాఠశాలలో పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలన్న నియమం వెనకా ఇవే లెక్కలు. తెలంగాణలో 2015 నుంచి ‘ఆరోగ్యలక్ష్మి’ కింద అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు పెడుతున్న పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కూడా ఆ అవసరాల లోటు పూడ్చడానికే. అంకె తప్పితే అన్నం తప్పుతుంది. అందుకే దీన్ని పండితుల వ్యవహారం అని వదిలేయకూడదు.

సగటుకు సరిపోతే చాలదు

2020 నివేదిక దాదాపు ప్రతి పోషకానికీ రెండు అంకెలు ఇచ్చింది. మొదటిది సగటు అవసరం: జనాభాలో సగం మందికి అది సరిపోతుంది, మిగతా సగానికి చాలదు. రెండోది ఆర్‌డీఏ: నూటికి 97 మందికి పైగా అది సరిపోతుంది. ఇంటి గుమ్మం పెట్టేటప్పుడు వడ్రంగి సగటు మనిషి ఎత్తు చూడడు. పొడుగు మనిషికి కూడా తల తగలకుండా పెడతాడు. ఆర్‌డీఏ ఆ గుమ్మం ఎత్తు. దాన్ని అందుకోని ప్రతివాడికీ లోపం ఉన్నట్టు కాదు.

ఉదాహరణకు ప్రోటీన్. కిలో బరువుకు సగటు అవసరం 0.66 గ్రాములు, ఆర్‌డీఏ 0.83 గ్రాములు. 65 కిలోల మగమనిషికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు. ఒక ఊరి జనంలో ఎంతమందికి ప్రోటీన్ చాలడం లేదో తెలుసుకోవాలంటే సగటు అవసరంతో పోల్చాలి. ఆర్‌డీఏతో పోలిస్తే లోపం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. డబ్బాల్లో ప్రోటీన్ పొడి అమ్మేవాళ్లకు ఆ పొరపాటు లెక్క లాభసాటి. కొనే మనిషికి తేడా తెలిసి ఉండాలి.

కేలరీల విషయంలో మాత్రం ఇట్లా ఎత్తు పెంచి చెప్పరు, ఎక్కువైనది కొవ్వుగా పేరుకుంటుంది గనుక. అక్కడ చేసే పనిని బట్టే లెక్క. కూర్చుని పనిచేసే స్త్రీకి 1,660, మోస్తరు శ్రమకు 2,130, భారీ శ్రమకు 2,720 కేలరీలు. మగవాళ్లకు ఇవే వరసగా 2,110, 2,710, 3,470.

జొన్న నేర్పిన పాఠం

పట్టికలో ఉన్నదంతా ఒంటికి పడుతుందా? ఈ ప్రశ్నను ప్రపంచం ముందు గట్టిగా నిలబెట్టింది దక్కన్ జొన్నరొట్టె.

పెల్లాగ్రా వస్తే ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు రాలుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. మనిషి దిగులులో కూరుకుపోతాడు, మతి చెదురుతుంది. మొక్కజొన్నే తిండిగా బతికిన అమెరికా దక్షిణాది పేదల్లో ఇది వేలమందిని చంపింది. అంటువ్యాధి కాదు, తిండి లోపమేనని 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీ జైలు ఖైదీల మీద జరిపిన ప్రయోగంతో నిరూపించారు. మొక్కజొన్నలో నికోటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్, అరగని రూపంలో బిగిసి ఉంటుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం కొంత నియాసిన్ తయారు చేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము. మొక్కజొన్నలో ఆ ట్రిప్టోఫాన్ కూడా తక్కువే. కారణం తేలిపోయింది, అనుకున్నారు.

హైదరాబాద్ చుట్టుపక్కల జొన్నలు తినే పేదల్లోనూ అదే జబ్బు కనిపించింది. ఇక్కడ ఆ వివరణ అతకలేదు. జొన్నలో నియాసిన్ తెల్లబియ్యంలో కంటే తక్కువేమీ కాదు. ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలోలా మరీ అడుగంటదు. పట్టిక ప్రకారం రాకూడని జబ్బు మనుషులకు వస్తోంది. సేలంలో పుట్టి, కూనూరులో పనిచేసి, సంస్థతో పాటు హైదరాబాద్ వచ్చిన కొలుత్తూరు గోపాలన్, ఆయన సహచరుడు ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువ. అది ఎక్కువైతే శరీరం నియాసిన్‌ను తయారు చేసుకునే, వాడుకునే దారి దెబ్బతింటుందని 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రతిపాదించారు. భవానీ బెలవాడి తదితరులతో కలిసి కుక్కల మీద చేసిన ప్రయోగాలు, ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే ఫలితం మారడం, కమలా కృష్ణస్వామి బృందం బి6 విటమిన్ పాత్రను చూపడం, ఇట్లా పదిహేను ఇరవై ఏళ్లు ఆ పని సాగింది. వేరే దేశాల్లో కొన్ని ప్రయోగశాలలకు ఇవే ఫలితాలు రాలేదు, వాదం నడిచింది. ల్యూసిన్ ఒక్కటే దోషా, ఇంకేమైనా కలిసిందా అన్నది పక్కన పెట్టినా ఒక సంగతి నిలిచిపోయింది: ఒక పోషకం మనకు అందుతుందా లేదా అన్నది దాని పక్కన ఇంకేం తిన్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

ఈ మాట చెప్పి జొన్నను దోషిగా నిలబెట్టడం అన్యాయం. పెల్లాగ్రా వచ్చింది జొన్న తిన్నందుకు కాదు; జొన్న తప్ప ఇంకేమీ దొరకనందుకు. రొట్టెతో పాటు పప్పు, కాస్త పాలు, ఆకుకూర ఉన్న ఇంట్లో ఆ జబ్బు అడుగుపెట్టలేదు. తిండిలో రకాలు పెరిగిన కొద్దీ మన దగ్గర అది దాదాపు కనుమరుగైంది.

ఇనుము లెక్క

పక్కన ఏముందన్న ఆ పాఠం ఆర్‌డీఏను ఎంతగా మారుస్తుందో చూడాలంటే ఇనుము కంటే మంచి ఉదాహరణ లేదు. లెక్క చేతి మీద వేసుకోవచ్చు.

మన ఒంట్లోంచి రోజూ కొంత ఇనుము పోతుంది: పేగు లోపలి పొర రాలడం వల్ల, చర్మం నుంచి, మూత్రంలో. కిలో బరువుకు సుమారు 14 మైక్రోగ్రాములు. 60 కిలోల మగమనిషికి 840 మైక్రోగ్రాములు, అంటే 0.84 మిల్లీగ్రాములు. పోయినంత మళ్లీ ఒంటికి పట్టాలి. మన భోజనంలోని ఇనుములో నూటికి మూడు పాళ్లే పడుతుందనుకుంటే, తినాల్సింది 28 మిల్లీగ్రాములు. 1989 నాటి సిఫారసు సరిగ్గా అదే. నూటికి ఐదు పాళ్లు పడుతుందనుకుంటే 17 మిల్లీగ్రాములు. 2010 సిఫారసు అది. 2020లో ప్రమాణ పురుషుడి బరువు 65 కిలోలయింది, నూటికి ఎనిమిది పాళ్లు పడుతుందని తీసుకున్నారు. సగటు అవసరం 11 మిల్లీగ్రాములకు దిగింది. ఈ ముప్పై ఏళ్లలో అంకె దిగింది మగవాళ్ల ఒళ్లు మారినందుకు కాదు. మన భోజనం నుంచి ఇనుము ఎంత పడుతుందన్న అవగాహన మారింది.

ఆ అవగాహనకు తార్నాకలో చాలా పని జరిగింది. బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి 1978లో ఒక పద్ధతి ప్రకటించారు. భోజనాన్ని పెప్సిన్‌తో, ఆమ్లంతో జీర్ణాశయంలో లాగే అరిగించి, తర్వాత పేగులోని స్థితికి తెచ్చి, అందులో ఎంత ఇనుము విడిపడి గ్రహించడానికి వీలుగా మిగిలిందో కొలిచారు. గింజల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు ఇనుమును పట్టుకుని వదలవు. సి విటమిన్ దాన్ని విడిపిస్తుంది. 2013లో కె. మాధవన్ నాయర్ బృందం బియ్యంతో వండిన భోజనం తినే కౌమారంలోని పిల్లలకు భోజనంతో పాటు జామపండు ఇచ్చి చూసింది. ఇనుము గ్రహణం బాగా పెరిగింది. పసుపు పండించే నిజామాబాద్ వాళ్లు తెలుసుకోదగ్గ సంగతి ఇంకొకటి: 2006లో థాయ్‌లాండ్ పరిశోధకులు యువతుల మీద చేసిన పరీక్షలో మిరపకారం ఇనుము గ్రహణాన్ని తగ్గించింది, పసుపు తగ్గించలేదు.

ఇక స్త్రీల లెక్క. 55 కిలోల స్త్రీకి ఒంటి నష్టం 0.77 మిల్లీగ్రాములు. నెలసరిలో పోయేదాన్ని రోజులకు పంచి కలిపితే సుమారు 1.2. నూటికి ఎనిమిది పాళ్ల చొప్పున సగటు అవసరం 15 మిల్లీగ్రాములు. ఆర్‌డీఏ మాత్రం 29. ఎందుకింత తేడా? నెలసరి నష్టం అందరిలో ఒకేలా ఉండదు. చాలామందిలో తక్కువే గానీ కొందరిలో చాలా ఎక్కువ. ఆ కొందరిని కూడా కలుపుకోవాలంటే అంకె అంత పైకి పోవాలి.

చెరుకు కొట్టే మనిషి, బీడీలు చుట్టే మనిషి

ఒకే ఇంట్లో ఇద్దరిని తీసుకుందాం. భర్త చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా చెరుకు కొడతాడు, మోపులు కట్టి మోస్తాడు. భార్య ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వెయ్యి బీడీల లెక్క పూర్తి చేస్తుంది. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్, కామారెడ్డి ఇళ్లలో ఇది నిత్యం కనిపించే బతుకు.

అతనికి భారీ శ్రమ: 3,470 కేలరీలు, 19 మిల్లీగ్రాముల ఇనుము. ఆమె పనిని కూర్చున్న పనిగా లెక్కిస్తే 1,660 కేలరీలు, 29 మిల్లీగ్రాముల ఇనుము. ఈ రెండు వరసల్నీ భాగించి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. అతని భోజనంలో ప్రతి వెయ్యి కేలరీలకు ఐదున్నర మిల్లీగ్రాముల ఇనుముంటే చాలు. ఆమె భోజనంలో ప్రతి వెయ్యి కేలరీలకు పదిహేడున్నర ఉండాలి. ఇంట్లో తక్కువ తినే మనిషికి మూడింతలు చిక్కని తిండి కావాలి. మన ఇళ్లలో జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. పప్పు, కూర, గుడ్డు ముందు కూర్చున్న వాళ్ల పళ్లాల్లోకి పోతాయి. చివర తినే ఆమెకు అన్నం, చారు మిగులుతాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదంతా ఇనుము లోపమే కాదు. బి12, ఫోలిక్ ఆమ్లం లోపాలూ ఉంటాయి. అయినా ఇనుము వాటా పెద్దది.

రేషన్ బియ్యం మనిషికి నెలకు ఆరు కిలోలు, రోజుకు 200 గ్రాములు. ఎన్ఐఎన్ 2017 పట్టికల ప్రకారం ఏమీ కలపని తెల్లబియ్యం 200 గ్రాముల్లో దాదాపు 710 కేలరీలు, 16 గ్రాముల ప్రోటీన్, 1.3 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. ఆకలి తీరడానికి ఈ బియ్యం గొప్ప ఆధారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి పేద ఇళ్ల కడుపు నింపింది ఇదే. బీడీలు చుట్టే ఆమె తన 1,660 కేలరీలూ బియ్యంతోనే తెచ్చుకుంటే మాత్రం పళ్లెంలోకి వచ్చే ఇనుము మూడు మిల్లీగ్రాములు. పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుముండాలని ప్రమాణం. అది కొంత పూడుస్తుంది, పూర్తిగా కాదు. అవే కేలరీలు జొన్నతో తెచ్చుకుంటే పట్టిక ప్రకారం ఇరవైకి దగ్గర. జొన్నకే తిరిగిపోదామా? ఒక్క గింజ మీదే బతికితే ఏమవుతుందో పెల్లాగ్రా చెప్పింది. గింజ మార్చడంతో పని అయిపోదు, పక్కన కూర పెరగాలి.

చక్కెర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పోషకాల సిఫారసుల్లో చక్కెరకు కనీస మోతాదు లేదు, గరిష్ఠ హద్దు మాత్రమే ఉంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటలో మొత్తం కేలరీల్లో పదో వంతుకు లోపు, వీలైతే అందులో సగం. కప్పుకు రెండు చెంచాల చక్కెరతో నాలుగు కప్పుల టీ తాగితే చక్కెర నుంచే 160 కేలరీలు. ఆమెకు ఆ పదో వంతు అక్కడికే చెల్లిపోయింది, ఇనుము సున్నా. పైగా అన్నం తిన్న వెంటనే తాగిన టీ, తిన్న ఇనుమును కూడా పట్టేస్తుంది. బెల్లంలో ఇనుముందన్న మాట నిజమే. వంద గ్రాముల్లో నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బెల్లంతోనే 29 మిల్లీగ్రాములు రావాలంటే రోజుకు అర కిలోకు పైనే తినాలి. చిన్న ముక్క రుచికి తినొచ్చు, మందు అనుకోకూడదు.

ఒక పూట భోజనం

ఆమె పళ్లెం మార్చడానికి ఖరీదైన సరుకేమీ అక్కర్లేదు. వంద గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు: నాలుగు మిల్లీగ్రాముల ఇనుము. నలభై గ్రాముల కందిపప్పు: ఒకటిన్నర. వంద గ్రాముల తోటకూర: నాలుగున్నర. పప్పులో నిమ్మకాయ పిండి, తిన్నాక ఒక జామకాయ. టీ కనీసం గంట తర్వాత. ఒక చెంచా నూనెతో కలిపి జామకాయ కాకుండా సుమారు 540 కేలరీలు, పది మిల్లీగ్రాముల ఇనుము. వెయ్యి కేలరీలకు లెక్కిస్తే పద్దెనిమిది దాటుతుంది. ఆమెకు కావలసిన చిక్కదనం అదే. రెండో పూట అన్నంతో పెసరపప్పు, గంగవాయిల కూర, వారంలో కొన్ని రోజులు గుడ్డో, మాంసమో కలిస్తే ఇంకా మంచిది.

ఈ భోజనానికి కావలసినవన్నీ జిల్లా చుట్టుపక్కలే పండుతాయి. కానీ ఆర్మూర్, బాల్కొండ వైపు పండే ఎర్రజొన్న పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి పోతుంది. సోయాలో నూటికి 35 పాళ్లకు పైగా ప్రోటీన్ ఉన్నా అది పండించే ఇళ్లలో వంటకు వాడేది అరుదు. 2015 డిసెంబరులో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్ రైతు ఏ పంట వేయాలన్న ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది. ఆ చర్చలో ధర, నీళ్లతో పాటు జిల్లా పళ్లెం కూడా ఒక అంశం కావాలి. రుద్రూర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, ఆహార సాంకేతిక కళాశాల ఉంది. జొన్న, పప్పు, సోయా కలిపి అంగన్‌వాడీకి, బడికి, రేషన్ దుకాణానికి అందించే పని మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంది?

1944లో మొదలైన ఈ అంకెల ప్రయాణంలో శాస్త్రవేత్తలు తమ లెక్కను తామే చాలాసార్లు దిద్దుకున్నారు. దిద్దిన ప్రతిసారీ మనిషి నిజంగా ఏం తింటున్నాడో, అందులోంచి ఎంత పడుతోందో ఇంకాస్త దగ్గరగా చూశారు. ప్రభుత్వం చేయాల్సిందీ అదే: కుటుంబానికి ఎన్ని కిలోలు ఇచ్చామన్న లెక్కతో ఆగకుండా, ఆ కుటుంబంలో చివర తినే స్త్రీకి ఎంత ఇనుము, ఎంత ప్రోటీన్ అందిందో కొలవాలి. రేషన్‌లో బియ్యం పక్కన పప్పు, జొన్న చేరాలి. ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. బీడీల చాట పక్కన పెట్టి ఆమె కూడా అందరితో కలిసి కూర్చుని తినాలి. పప్పు గిన్నె ముందు ఆమె దగ్గరికి రావాలి.